ఫార్మాలిన్ పడ్డ నీళ్ళు

నేను ఒక ముదురు గోధుమరంగు గాజు సీసాను. మూతి వెడల్పు, మెడ పొట్టి, మూత నల్లది. అందం సంగతి అడగొద్దు. నా పొట్టలో సగం దాకా మొగపాలెం దగ్గర ముంచిన సముద్రపు నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో ఫార్మాలిన్ ఉంది, చచ్చినవి కుళ్ళకుండా పోసే ఘాటు మందు. మూత తీస్తే కళ్ళు మండుతాయి కాబట్టి నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ ముఖం పక్కకు తిప్పుకునే మాట్లాడతారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ మాటలు విని విని నాకు విసుగు పుట్టింది. ఇవాళ మీరు నా మాట వినండి.

పగిలిన గాజు పెంకుల్ని కొలిమిలో కరిగించి నన్ను పోశారు. మొట్టమొదట నాలో నింపింది బలం మందు. విజయనగరంలో ఒక డ్రాయింగు మాస్టారు నన్ను కొనుక్కుని, భార్యకు కనబడకుండా బట్టల వెనక దాచి, రోజూ రెండు చెంచాలు తాగేవాడు. తాగి అద్దం ముందు నిలబడి చెయ్యి మడిచి కండ చూసుకునేవాడు. కండ రాలేదు, నేను మాత్రం ఖాళీ అయ్యాను. ఆ తర్వాత ఆయన భార్య నాలో ఆముదం పోసింది. నన్ను చూస్తే చాలు ఆ ఇంట్లో పిల్లలు పరుగు లంకించుకునేవారు. చివరికి పాత సీసాలు కొనేవాడి గోనెసంచిలో పడ్డాను.

అక్కణ్ణుంచి నేను చేరింది ఒక చదువుల కొలువుకు. సముద్రంలోని జీవాలను పరిశీలించే ప్రయోగశాల అది. పేరు చెప్పను, చెబితే అక్కడి పెద్దలు నొచ్చుకుంటారు. కొత్త సీసాలు కావాలని వాళ్ళు పెట్టుకున్న అర్జీ ఏ బల్ల మీదో కునుకు తీస్తుండగా, స్టోరు గుమాస్తా మమ్మల్ని సంచితో సహా కొనేశాడు. ఆమ్లంతో కడిగి, వేడిగాలికి ఆరబెట్టి, అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టారు. అంత శుభ్రంగా నన్నెవరూ ఎప్పుడూ కడగలేదు. ఇక నా బతుకు గొప్పగా ఉంటుందనుకున్నాను. సీసాలకు కూడా భ్రమలుంటాయి.

ఆ ప్రయోగశాలకు పెద్ద ప్రొఫెసర్ జోగారావు గారు. జీవితమంతా సూక్ష్మదర్శినిలోకి వంగి వంగి ఆయన మెడ ముందుకు సాగిపోయింది. ఆయన దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ మొదటి పాఠం ఒకటే: సముద్రపు నీళ్ళు సీసాలో పడ్డాయంటే, చెయ్యి ఆరేలోపు ఫార్మాలిన్ పడాలి. పడకపోతే అందులోని సూక్ష్మజీవులు చితికిపోయి ఆకారం పోగొట్టుకుంటాయి, తర్వాత అది ఏ జాతో తేల్చలేం అనేవాడు. మరిచిపోయినవాళ్ళకు అందరి ముందూ చీవాట్లు తప్పేవి కావు. అందువల్ల ఆ విద్యార్థుల చేతులు వాళ్ళ బుర్రలకంటే ముందే ఆ పని చేసేసేవి.

వాళ్ళు ముఖ్యంగా వెతికేది డైనోఫ్లాజెల్లేట్లనే జీవాల కోసం. ఆ పేరు పలకడం రాక కొత్త విద్యార్థులు నా ముందే నాలుకలు కరుచుకునేవారు. అవి కంటికి ఆనని ఒంటికణపు ప్రాణులు. ఒక్కోదానికి రెండు తోకలు, ఒకటి నడుముకు చుట్టుకుని ఉంటుంది, ఒకటి వెనక వేలాడుతుంది. ఆ రెండిటినీ ఆడిస్తూ బొంగరంలా తిరుగుతూ ఈదుతాయి. కొన్నిటి ఒంటిమీద పలకలు పేర్చిన కవచం ఉంటుంది. ఆ పలకల లెక్కనీ, వాటి అమరికనీ బట్టి ఇది ఫలానా జాతి అని పేరు పెడతారు.

వాటిలో చాలావరకు ఎవరి జోలికీ పోనివే. కొన్ని మాత్రం విషం తయారు చేస్తాయి. ఆల్చిప్పల్లాంటి గుల్లలు సముద్రపు నీళ్ళను వడగట్టుకుని తింటాయి కదా, ఆ విషం వాటి మాంసంలో పేరుకుంటుంది. గుల్లకేమీ కాదు. మాంసం కంపు కొట్టదు, రుచి మారదు, ఎంత ఉడికించినా విషం పోదు. తిన్న మనిషికి పెదవులు తిమ్మిరెక్కుతాయి, నాలుక మొద్దుబారుతుంది, మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, విషమున్న జాతీ లేని జాతీ ఒక్కోసారి కవలపిల్లల్లా ఉంటాయి. కవచం మీద ఒక పలకకు సన్నటి రంధ్రం ఉందా లేదా అన్నదొక్కటే తేడా. ఆ రంధ్రం కూడా ఒకదానికి ఉంటుంది, దాని తోడబుట్టినదానికి ఉండదు.

ప్రవల్లిక అనే అమ్మాయి జోగారావు గారి దగ్గర పరిశోధన చేసేది. చురుకైన పిల్ల, పనంటే ప్రాణం. ఆకారం చూసి జాతి తేల్చడం నమ్మదగింది కాదనీ, జన్యువుల్లో గుర్తులుంటాయనీ వేరే ఊళ్ళో శిక్షణకు పోయి నేర్చుకొచ్చింది. మార్కర్లు అంటారట వాటిని. ప్రతి జాతి డీఎన్ఏలోనూ దానికే సొంతమైన ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్కను యంత్రంలో పెట్టి లక్షలకు లక్షలు చేసి, జెల్లు అనే మెత్తటి పలక మీద కరెంటుతో పరిగెత్తిస్తే, ఊదారంగు దీపం కింద ఒక గీత మెరుస్తుంది. గీతను చదివితే ఏ జాతో తేలిపోతుంది. జోగారావు గారు ఆ మాటలన్నీ విని, "చూద్దాంలే అమ్మాయ్. నీ గీతలకంటే ముందునుంచీ నా కళ్ళున్నాయి" అన్నాడు.

ఆ మాఘమాసంలో మొగపాలెం దగ్గర ఏరు సముద్రంలో కలిసే చోట, అంటే అక్కడివాళ్ళు మొగ అనే చోట, నీళ్ళు టీ డికాషను రంగుకు తిరిగాయని కబురొచ్చింది. ప్రవల్లిక నన్ను సంచిలో వేసుకుని పడవెక్కింది. సన్నటి వలతో నీళ్ళు వడగట్టి నాలో నింపింది. జన్యు పరీక్షకైతే ఆల్కహాలులో వేయాలనీ, ఫార్మాలిన్ తగిలితే డీఎన్ఏ పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఎందుకూ పనికిరావనీ ఆమెకు తెలుసు. తెలిసీ, చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్ళింది, ఫార్మాలిన్ తీసింది, నాలో పోసింది. మూత బిగించాక గానీ చేసిందేమిటో ఆమెకు తట్టలేదు. "సరేలే, మళ్ళీ వచ్చినప్పుడు ఇంకోటి తీద్దాం" అనుకుంది. నాలో ఈదుతున్నవన్నీ అప్పటికే చచ్చి అడుగున పేరుకుంటున్నాయి, ఒక్కదాని కవచమూ చెదరకుండా.

మళ్ళీ వచ్చే లోపల గాలి తిరిగి, వాన పడి, సముద్రం మామూలు రంగుకు వచ్చేసింది. ఆ లోపలే మొగపాలెంలో ముత్యాలు అనే పడుచు చచ్చిపోయింది. ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. అందరూ తిన్నది కొర్లమ్మ అమ్మిన గుల్లలే.

కొర్లమ్మ గుల్లలు తీసి, ఉడకబెట్టి, మాంసం ఒలిచి గంపలో పెట్టుకుని అమ్ముకునే మనిషి. ముత్యాలు ఆమెకు పరాయిది కాదు, తోడికోడలు. ఆ పూట గుల్లలకు డబ్బు కూడా పుచ్చుకోకుండా దోసిళ్ళతో పోసి ఇచ్చి వచ్చింది. తాను మాత్రం ముట్టలేదు. శనివారం ఆమెకు ఒక్కపొద్దు, నీచు తినదు. ఊరికి ఇంకేం కావాలి? నిన్న అమ్ముడుపోని మాంసం ఇవాళ్టి దాంట్లో కలిపేసిందనీ, కుళ్ళినవని తెలుసు కాబట్టే తను తినలేదనీ అన్నారు. కులపెద్దలు ఆమె గంప దింపించారు, మొగలో కాలు పెట్టొద్దన్నారు. మరిది సూరి, ముత్యాలు మొగుడు, తన గుమ్మం తొక్కనివ్వలేదు. తోడికోడలి శవాన్ని దూరం నుంచి చూసి ఏడ్చుకుంది. సర్కారు ఒక విచారణ అధికారిని వేసింది.

రంగు మారిన నీళ్ళు ఎవరో అమ్మాయి సీసాలో పట్టుకెళ్ళిందని పడవవాళ్ళు చెప్పగా, కొర్లమ్మ ప్రయోగశాల వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"అమ్మా, ఆ గుల్లలు నాను ఆ పొద్దుట తీసినవే. కుల్లినవి కావు. తిన్నోలందరికీ ముందు మూతి తిమ్మిరెక్కిందట. కుల్లిన కూడు తింటే వాంతులవుతాయి గానీ మూతి తిమ్మిరెక్కుతాదా తల్లీ?"

ప్రవల్లిక ముఖం మారిపోయింది. ఆ లక్షణం ఏమిటో ఆమెకు తెలుసు. నన్ను బీరువాలోంచి తీసి చూపించింది. "ఆ వారం నీళ్ళు ఇందులోనే ఉన్నాయమ్మా. నువ్వు కంగారు పడకు. ఈ నీళ్ళే సాక్ష్యం చెబుతాయి."

"నాకు ఇంకేటీ వొద్దమ్మా. గంప మల్లీ ఎత్తుకోమనకపోయినా పరవానేదు. కుల్లినవి కాదన్న మాట మా మరిది సెవిలోన పడితే సాలు," అని కొర్లమ్మ నాకు చేతులెత్తి దండం పెట్టింది. నాలోని మందు తాగినవాళ్ళున్నారు, ఆముదం ఒంపుకున్నవాళ్ళున్నారు, దండం పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. నాకు భయమేసింది.

ముందు జోగారావు గారు చూశాడు. నాలోంచి ఒక చుక్క తీసి, గాజు పలక మీద వేసి, చాలాసేపు వంగి, "మనకు ఎప్పుడూ దొరికే సాధు జాతే ఇది. విషం లేదు" అన్నాడు. ప్రవల్లిక వంగి చూసి, "రెండో జాతి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కదండీ. కొన్నిటికి రంధ్రం ఉంది, కొన్నిటికి లేదు. మార్కరు పెడితేనే తేలుతుంది" అంది. ఆయన కాదనలేదు.

ఆమె నాలోంచి నీళ్ళు తీసి, కడిగి, మళ్ళీ కడిగి, ఏవేవో మందులు కలిపి, యంత్రంలో పెట్టింది. వేరే ప్రయోగశాలలో పెంచిన విషజాతిని కూడా పక్కన పోల్చుకోవడానికి పెట్టింది. ఊదారంగు దీపం వేస్తే ఆ పక్కదాని గీత ధగధగా మెరిసింది. నా నీళ్ళు పరిగెత్తిన చోట ఏమీ లేదు. సాధు జాతి మార్కరు పెట్టి చూసింది. అదీ లేదు. అప్పుడామెకు పూర్తిగా అర్థమైంది. ఆ జాతీ ఈ జాతీ కూడా లేదంటే నీళ్ళలో జీవాలు లేవని కాదు. సూక్ష్మదర్శినిలో గంపలకొద్దీ కనబడుతూనే ఉన్నాయి. వాటి జన్యువులు నోరు విప్పలేని స్థితిలో ఉన్నాయి. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా గీత పడలేదు. నా నీళ్ళు తరుగుతూ వచ్చాయి. చివరికి ఆమె బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకెంత కోపమున్నా ఆ ఏడుపు అబద్ధమని నేననను.

"ఫార్మాలిన్ వల్ల పాడైందండీ. ఈ నమూనాతో ఏ సంగతీ తేల్చలేమని రాసిద్దాం" అంది జోగారావు గారితో.

"మన నమూనా పనికిరాదని మనమే చెప్పుకుందామా? రేపు పేపర్లో పడితే ఈ డిపార్టుమెంటు ఉంటుందా? నీ థీసిస్ ఉంటుందా?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "విష జాతి మార్కరు దొరకలేదని రాయి. అది నిజమే కదా. ఉన్న నిజం రాయడానికి ఏడుపెందుకమ్మా?"

అది నిజమే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మనుషులు నిజాన్ని ఇంత పొదుపుగా వాడగలరని నాకు ఆ రోజే తెలిసింది. సాధు జాతి మార్కరు కూడా దొరకలేదన్న ముక్క ఒక్కటి కలిపి ఉంటే, చదివిన ఏ బుద్ధిమంతుడైనా అదేమిటని అడిగేవాడు. ఆ ముక్క రాయలేదు.

మొగపాలెం పంచాయతీ అరుగు మీద విచారణ జరిగింది. సాక్ష్యంగా నన్ను కూడా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. ఒక పక్క సూరి, కులపెద్దలు. ఇంకో పక్క కొర్లమ్మ ఒక్కతే. నన్ను చూడగానే ఆమె ముఖంలో వెలుగొచ్చింది. తెలిసినవాళ్ళు వచ్చారన్నట్టు చూసింది. అధికారి కాగితం చదివి, "నీళ్ళలో విషం లేదని శాస్త్రం తేల్చింది" అన్నాడు. "అంతేనా మేడమ్?" అని ప్రవల్లికను అడిగాడు.

ప్రవల్లిక లేచి నిలబడింది. పక్కన జోగారావు గారు గొంతు సవరించుకున్నాడు. "మార్కరు దొరకలేదండీ" అంది.

"నీల్లు సెబుతాయన్నావు కదమ్మా! సెప్పలేదా? ఏటీ సెప్పలేదా?" అని కొర్లమ్మ అరిచింది. ఎవరో ఆమెను కూర్చోమన్నారు.

సూరి లేచి ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "ఇన్నాల్లూ ఏ మూలో ఒగ అనుమానం ఉండేది వొదినా, నువ్వు అలాటి పని సెయ్యవేమో అని. ఇప్పుడు సదువుకున్నోలే సెప్పేసినారు." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పాడైన మాంసం అమ్మిందని తేల్చి కొర్లమ్మకు జరిమానా వేశారు. నన్ను మళ్ళీ సంచిలో పెట్టారు. నా వశంలో ఉండి ఉంటే ఆ అరుగు మీదే పగిలేదాన్ని.

మరుసటి ఏడు అదే కాలానికి మొగ మళ్ళీ రంగు మారింది. ఈసారి ప్రవల్లిక ఆల్కహాలు సీసాలు పట్టుకెళ్ళింది. గీత చక్కగా మెరిసింది. విషజాతి! ఆకారం చూసి ఇన్నాళ్ళూ మొగలో ఉన్నది సాధు జాతి ఒక్కటే అనుకున్నారు, రెండూ ఉన్నాయని మార్కరు విడదీసి చూపింది. గుల్లలు తినొద్దని ముందుగానే చాటింపు వేయించారు, ఒక్క ప్రాణం పోలేదు. మంచి పనే, కాదనను. జోగారావు గారికి శాలువా కప్పారు. గురుశిష్యుల పేర్లతో పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది. దాని పేరులోనే ఉంది, ఈ విషజాతి మన తీరంలో కనబడటం ఇదే మొదటిసారి అని. బీరువాలోంచి ఆ మాట వింటూ నేను మొగ నీళ్ళు మోస్తూ నిలబడి ఉన్నాను. మొదటిసారి అట! అంటే పోయినేడు లేనట్టేగా. అంతకుముందు కొర్లమ్మను ఊరు దోషి అంది. ఇప్పుడు అచ్చులో కూడా అన్నట్టయింది, ఆమె పేరైనా ఎత్తకుండా.

ఆ శాలువాకీ వ్యాసానికీ ముందే, చాటింపు వినగానే కొర్లమ్మ వచ్చింది. మనిషి సగమైపోయింది. గుమ్మం బయటే నిలబడి, "అమ్మా, మొగ నీల్లలో ఇసం ఉన్నాదని తేలిందట కదా! రేపు మా ముత్యాలుకి ఏడాది. ఒక్కపాలి వచ్చి, పోయినేడు కూడా ఇదే అయ్యుంటాదని మా మరిదికి సెప్పమ్మా. నీ కాల్లు పట్టుకుంటాను. నువ్వు సెబితే ఇంటాడు. నాను సెబితే ఇనడు" అంది.

ప్రవల్లిక తల దించుకుంది. ఆ మాట చెప్పాలంటే పోయినేడు నీళ్ళెందుకు పలకలేదో చెప్పాలి. అది చెబితే ఎవరి చెయ్యి ఫార్మాలిన్ పోసిందో, ఎవరి కలం సగమే రాసిందో చెప్పాలి. డాక్టరేటు పట్టా ఇంకా చేతికి రాలేదు. "సార్‌ని అడిగి వస్తానమ్మా, ఇక్కడే కూర్చో" అంది. కొర్లమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నా బీరువా ఎదురుగా కిటికీ, కిటికీ అవతల వరండా. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, జుట్టు సరిచేసుకుంది, వెంటనే బయల్దేరాల్సి వస్తుందేమోనని. ప్రవల్లిక జోగారావు గారి గదిలోకి వెళ్ళనే లేదు. సంచి సర్దుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. అటెండరు తాళాలు వేస్తూ, "ఇంకా ఇక్కడున్నావేటి? అందరూ ఎల్లిపోనారు" అనేదాకా కొర్లమ్మ అక్కడే ఉంది. ఆ మాట విన్నాక కూడా లేవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

జోగారావు గారు రిటైరయ్యాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు డాక్టర్ ప్రవల్లిక కూర్చుంటోంది. మంచి టీచరని పేరు. నన్ను పారేయించలేదు, ప్రత్యేకంగా ఒక చిన్న అద్దాల బీరువాలో పెట్టించింది. ఏటా కొత్త విద్యార్థులు రాగానే నన్ను తీసి బల్ల మీద పెడుతుంది.

"ఇందులో విషజాతి ఉండే ఉంటుందని నా నమ్మకం. కానీ నిరూపించలేను. ఎందుకంటే, ఆల్కహాలు వాడాల్సిన చోట నేను ఫార్మాలిన్ పోశాను. మార్కరు దొరకలేదంటే జాతి లేదని అర్థం కాదు, మన పరీక్షకు అందలేదని మాత్రమే. ఈ తప్పు మీరెవరూ చేయకండి" అంటుంది.

మొగపాలెం అరుగు మీద చెప్పాల్సిన మాటలన్నీ ఉన్నాయి అందులో. పొల్లు పోకుండా, ఏ సంకోచమూ లేకుండా చెబుతుంది. పిల్లలు రాసుకుంటారు. తన తప్పు తానే ఒప్పుకునే ఇంత గొప్ప మనిషి దొరకడం తమ అదృష్టమని వాళ్ళ ముఖాలే చెబుతుంటాయి.

ఈ ఏడు ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "ఆ శాంపిల్ దేనికోసం తీశారు మేడమ్? దాని వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా?"

ప్రవల్లిక నా మూత గట్టిగా ఉందో లేదో చూసుకుంది.

"అబ్బే, అలాంటిదేమీ లేదు. మామూలుగా తీసిందే" అంది. నన్ను మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసింది.